పధ్నాలుగు అరల డబ్బా

దసరా వెళ్లిన మూడో రోజు మా ఆయన నాకొక షరతు పెట్టాడు. మా ఇంట్లో షరతులు పెట్టే పని నాది. అందుకే ఆ మాట నోటి దాకా రావడానికి ఆయనకు రెండు కప్పుల టీ పట్టింది.

"సూడు, దీపావళి దాటితే పెండ్లిళ్లు షురూ అయితయి. నా దగ్గర ఖాళీ డిస్కు ఒక్కటి లేదు. నీ పాత డిస్కులన్ని ఒక్క డబ్బల బిగించు. ఆ డబ్బ గీ టేబుల్ కింద పట్టాలె. డబ్బల పట్టినన్ని ఉంచుకో. పట్టనియ్యి నేను ఖాళీ చేసి కొత్త పెండ్లిళ్లకు వాడుకుంట."

"ఖాళీ చేసుడంటే?"

"ఖాళీ చేసుడే. ఎరేజ్."

ఆ చివరి మాట ఇంగ్లీషులో ఎందుకన్నాడో నాకు తెలుసు. తెలుగులో అని ఉంటే నా చేతిలోని అట్లకాడ ఊరుకునేది కాదు.

మాది ఫోటో, వీడియో స్టూడియో. ఆయన తీస్తాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని కోసి అతుకుతాను. పెండ్లిలో ఆడవాళ్ల వైపు రెండో కెమెరా కూడా నాదే. మూడు రోజుల పెండ్లిని నేను మూడు గంటలు చేస్తాను. పదేళ్ల తర్వాత పెండ్లివాళ్లకు గుర్తుండేది వాళ్లు చేసుకున్న పెండ్లి కాదు, నేను చేసిన పెండ్లి. బీదర్‌లో చౌబారా దగ్గర మాకొక షట్టర్ ఉండేది. ఓనరు దాని మీద అంతస్తు వేస్తానంటే ఖాళీ చేసి, దసరాకు ముందే స్టూడియోను మా ఇంటి ముందుగదిలోకి తెచ్చుకున్నాం. అట్లా తెచ్చిన సామానులో ఈ పధ్నాలుగు హార్డ్ డిస్కులున్నాయి.

ఒక్కో డిస్కు అరచేతి కంటే కొంచెం పెద్దది, ఇటుక ముక్కంత బరువు. ఒక్కోదాన్ని ఒక్కో రవిక గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. పెండ్లి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు నాకు బొట్టు పెట్టి రవిక గుడ్డ ఇస్తారు. డిస్కులో ఏ ఇండ్ల పెండ్లిళ్లు ఉంటే వాటిలో ఒక ఇంటి గుడ్డే దానికి చుడతాను. మీద చీటీ అంటిస్తాను: "ఔరాద్, నాలుగు పెండ్లిళ్లు, ఒక తొట్టెల." "బసవకళ్యాణ్, రెండు పెండ్లిళ్లు, ఒక గృహప్రవేశం." ఇన్ని రంగుల మూటలు బీరువాలో చూసి మా ఇంటికొచ్చిన చుట్టాలు నాకు బట్టల వ్యాపారం కూడా ఉందనుకుంటారు.

ఊళ్లో మిగతా స్టూడియోలవాళ్లు వీడియో చేతికిచ్చిన ఏడాదికి చెరిపేస్తారు. తప్పేం లేదు. మా ఆయన మాట కూడా అదే: "పెన్‌డ్రైవ్ ఇచ్చినం, ఇంక మన జిమ్మ ఏమున్నది?" ఆ పెన్‌డ్రైవ్‌లు ఎక్కడుంటాయో నాకు తెలుసు. కొన్ని చీరల మడతల్లో ఉంటాయి, కొన్ని పిల్లల నోట్లో ఉంటాయి, ఎక్కువ భాగం ఎక్కడా ఉండవు.

పోయిన ఎండాకాలం ఔరాద్ నుంచి ఒకామె వచ్చింది. ఎన్నో ఏళ్ల కిందట ఆమె పెండ్లి మేమే తీశాం.

"అక్కా, మా అత్త పోయి పదకొండు దినాలయింది. ఫోటో గోడకు పెట్టాలె. ఉన్న ఫోటోలన్నిట్ల కొట్లాడుతున్నట్టె ఉన్నది. నా పెండ్లిల ఒక్కకాడ నవ్వింది. నేను కండ్లార చూసిన."

"ఎక్కడ నవ్వింది?"

"నేను తలంబ్రాలు పోస్తుంటే సగం బియ్యం పంతులు నెత్తిమీద పడ్డయి. గప్పుడు."

మూట విప్పి డిస్కును కంప్యూటర్‌కు తగిలించాను. మా కంప్యూటర్ క్యాబినెట్, అంటే లోపలి సామానంతా బిగించే రేకు డబ్బా, మూత లేకుండానే నాలుగేళ్లుగా నడుస్తోంది. లోపల డిస్కులకు చోటు లేక, ఏ డిస్కు కావాలంటే దాన్ని బయటి నుంచే తీగలతో తగిలిస్తాను. సరిగ్గా అత్తగారు నవ్వే చోటికి వచ్చేసరికి ఆ డిస్కు టేబుల్ అంచు మీద నుంచి జారింది. నా ఒళ్లో పడింది కాబట్టి సరిపోయింది. నేల మీద పడి ఉంటే ఆమె అత్తగారు రెండోసారి పోయేది.

నవ్వు దొరికింది. ముందుపళ్లు రెండూ కనబడేంత నవ్వు. కోడలు చాలాసేపు చూసింది.

"ముసల్ది నవ్వితే మంచిగనే ఉండె. పాడుగాను, రోజు నవ్వితే ఏం పోయింది?" అని కొంగుతో తుడిచింది. కళ్లు కాదు, కంప్యూటర్ తెర.

డిస్కు జారిన రోజు నుంచే మా ఆయన "డబ్బల బిగించు, డబ్బల బిగించు" అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట సబబే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కానీ పట్టనివి చెరిపేయడమనే రెండో సగం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. పధ్నాలుగింటిలో ఏది చెరిపినా ఎవరి ఇంట్లోనో ఒక నవ్వు పోతుంది. పధ్నాలుగు అరలున్న డబ్బా దొరికితే ఏదీ చెరపక్కర్లేదు. దొరకదని ఆయన ధీమా. దొరకదంటే తెచ్చి చూపించడం నా అలవాటు.

మరునాడే కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు కన్నడం మాట్లాడే పెద్దమనిషి. మా కంప్యూటర్లో ప్రతి ముక్కా ఆయన చేతి మీదుగా వచ్చిందే. తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ కన్నడంలో అక్కగారూ అన్నట్టు "అక్కావ్రే" అనకుండా ఏ మాటా మొదలుపెట్టడు.

"అక్కావ్రే, క్యాబినెట్ కావాల్నా? సూడండి, కొత్త మాల్."

ముందు ఒకటి తెచ్చి పెట్టాడు. రెండు పక్కలా అద్దం. స్విచ్ వేస్తే లోపల ఎర్ర దీపం, పచ్చ దీపం, నీలం దీపం, మళ్లీ ఎర్ర దీపం.

"ఏందన్నా గీ అద్దం? దీన్ల కంప్యూటర్ పెడ్తరా, చేపలు పెంచుతరా?"

"లోపల సామాన్ కనిపిస్తది అక్కావ్రే. పిల్లలు అదే అడుగుతరు."

"లోపల సామాన్ కనిపించాల్నని కడుపుకు అద్దం పెట్టించుకున్నోళ్లను చూసినవా ఏడనన్న? హార్డ్ డిస్కులకు అరలెన్ని?"

"రెండు."

"నాకు పధ్నాలుగు కావాలె."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కావ్రే, బ్యాంకు పెడతరా ఏంది?"

ఆ పూట ఆరు డబ్బాలు చూశాను. ఒకదానికి తొమ్మిది ఫ్యాన్లు. తొమ్మిది ఫ్యాన్లు పెట్టిన మహానుభావుడు ఆ గాలి దేనికి తగలాలో దాన్ని పెట్టే చోటు మాత్రం మర్చిపోయాడు. డిస్కులకు అందులోనూ రెండే అరలు. ఒకదాని మూత అయస్కాంతంతో అంటుకుంటుంది, కింద మూడు అరలు. ఒకటి గులాబీ రంగు. దాని గురించి నేను అన్న మాటలు రాయను, ఆ డబ్బా ఏం పాపం చేసింది?

"ఇప్పుడెవరు డిస్కులు పెట్టుకుంటలేరు అక్కావ్రే. అందరు ఆన్‌లైన్ల పెడతరు."

"మా ఇంటి ఇంటర్నెట్ మీద ఒక్క పెండ్లి ఎక్కిస్తే, అది ఎక్కే లోపల వాళ్లకు ఇద్దరు పిల్లలు పుడతరన్నా."

హైదరాబాదు నుంచి తెప్పించగలిగే పెద్ద డబ్బా ఒకటి ఫోన్‌లో చూపించాడు. అరలు సరిపోతాయి. కానీ అది ఆఫీసుల్లో నిలబెట్టే బీరువా లాంటిది. టేబుల్ కింద పట్టడం మాట అటుంచి, గది తలుపులోంచే పట్టదు. మా టేబుల్ కింద ఉన్న చోటు మూడు జానల ఎత్తు, జానన్నర వెడల్పు. నేను ఇంట్లో జానలతో కొలుచుకొని వచ్చాను. ఆయన తన టేపుతో నా జానను కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. అంత పద్ధతైన మనిషి.

చివరికి ఆయనే అన్నాడు. "అక్కావ్రే, దొరికేది లేదు. చేయించుకోండి. కొల్హార్ల రేకు పని చేసేటోళ్లు ఉన్నరు. బోర్డు బిగించే రంధ్రాల కొలత నేను రాసిస్త. ఒక్క మాట యాది పెట్టుకోండి. డిస్కుకు డిస్కుకు నడుమ సందు ఉండాలె. ముంగట ఫ్యాన్ ఉండాలె. లేకుంటే వేడికి సస్తయి."

ఫ్యాక్టరీలుండే కొల్హార్‌కు షేర్ ఆటోలో వెళ్లాను. షిఫ్టుకు వెళ్లే ఆడవాళ్ల మధ్య, ఒళ్లో ఒక డిస్కు మూట పెట్టుకుని కూర్చున్నాను. నాకు చెప్పిన షెడ్డులో ఒక భాయ్ ఉన్నాడు. బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు చేస్తాడు. పొలాల్లో స్తంభానికి వేలాడుతుంటాయే, బూడిద రంగువి, అవే. చుట్టుపక్కల రైతులందరికీ ఈయన డబ్బాలేనని గోడ మీద బొగ్గుతో రాసిన ఫోన్ నంబర్లు చెబుతున్నాయి.

"సలాం అక్కా. ఎన్ని హెచ్‌పీ మోటర్?"

"మోటర్ కాదు భాయ్. కంప్యూటర్."

"ఇప్పుడు బోర్లు గూడ కంప్యూటర్ మీద నడుస్తున్నయా?"

మూట విప్పి డిస్కు చేతికిచ్చాను. కొబ్బరికాయను చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇండ్ల ఏముంటది అక్కా?"

"పెండ్లిళ్లు. దీన్ల ఏడున్నయి."

"ఏడు పెండ్లిళ్లు గింతల! దావత్ గూడ?"

"దావత్ గూడ."

రేకు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. రెండు వరుసలు, వరుసకు ఆరు. మొత్తం పన్నెండు. నేను పధ్నాలుగన్నాను. నువ్వడిగిన సందు వదిలితే పన్నెండుకు మించి రావన్నాడు. సందు ఎంత అన్నదగ్గర అరగంట గడిచింది. ఆయన బొటనవేలంత అంటాడు, నేను చిటికెన వేలంత చాలంటాను. బొటనవేలు చూపిస్తూ ఆయన, చిటికెన వేలు చూపిస్తూ నేను. పక్కన స్టార్టర్ డబ్బా కోసం వచ్చిన రైతు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రేపొస్తానని లేచి వెళ్లిపోయాడు.

"అక్కా, మా చిన్న తమ్ముని నిఖా వీడియో మీరే తీసిండ్రు. యాదికున్నదా? అది గూడ ఉంటదా మీ దగ్గర?"

"ఎందుకు లేదు? తొమ్మిదో డిస్కు."

"తొమ్మిదోది లోపలికి పోతది గద?"

"నువ్వు పధ్నాలుగు చేస్తే పోతది. పన్నెండే చేస్తే బయట ఏ రెండు మిగుల్తయో నాకేం ఎర్క?"

ఇది బెదిరింపు కాదా అంటే, అవును, బెదిరింపే. భాయ్ సుద్దముక్క మళ్లీ చేతికి తీసుకున్నాడు. గీసినదాన్ని అరచేత్తో చెరిపి, వరుసకు ఏడు గీశాడు. చిటికెన వేలంత సందుతో.

వారం తర్వాత వెళ్లేసరికి డబ్బా సిద్ధంగా ఉంది. బూడిద రంగు, పైనుంచి కింది దాకా తలుపు, తాళం, గాలి లోపలికి వెళ్లడానికి ముందువైపు ఫ్యాను, దానికి బల్లులు దూరకుండా సన్న జాలి. తలుపు తీస్తే పధ్నాలుగు అరలు, ఒక్కోదాని అడుగున రబ్బరు ముక్కలు. చక్కటి పని. కానీ నెత్తిమీద ముందుకు వాలిన రేకు టోపీ ఒకటుంది.

"ఇదేంది భాయ్?"

"వానకు."

"మా ఇంట్ల వాన పడ్తదా?"

"టోపీ లేకుంట డబ్బా నా షెడ్డుకెళ్లి బయటికి పోలేదు అక్కా ఇప్పటిదాంక. నా పేరు ఖరాబైతది."

తలుపు మూసి చూస్తే ఇంకొకటి. ఎర్ర రంగుతో పుర్రె, రెండు ఎముకలు, కింద "అపాయం, 440 వోల్టులు". భాయ్ నాలుక కరుచుకున్నాడు.

"అలవాటుల చెయ్యి అట్ల పోయింది. గీకెయ్యాల్నా?"

"ఉండనియ్యి భాయ్. మా ఆయన చెయ్యి పెట్టడు."

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఎదురుగా కూర్చున్నావిడ బీదర్ వచ్చేదాకా కాళ్లు పైకి పెట్టుకునే ఉంది.

ఇంట్లో టేబుల్ కిందికి తోస్తే టోపీ తట్టుకుంది. రెండు వేళ్ల ఎత్తు ఎక్కువ. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు, తీర్పు చెప్పేవాడిలా.

"పట్టలే."

పెరట్లోకి వెళ్లి నాలుగు ఇటుకలు తెచ్చాను. టేబుల్ నాలుగు కాళ్ల కిందా పెట్టాను. డబ్బా లోపలికి వెళ్లింది.

"ఇదేం న్యాయమే?"

"టేబుల్ కింద పట్టాలె అన్నవు. టేబుల్ ఎంత ఎత్తుండాలెనో అనలే."

ఆదివారం పొద్దున దుకాణదారు స్క్రూడ్రైవర్ల సంచితో ఇంటికే వచ్చాడు. పాత క్యాబినెట్లోంచి బోర్డు తీసి కొత్తదానిలో బిగించాడు, అన్ని డిస్కులు తగిలించడానికి ఇంకో చిన్న కార్డు కూడా పెట్టాడు. పుర్రెను చూసి ఒకసారి ప్లగ్గు పీకి ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత కింద చాప మీద కూర్చుని మొదటి మూట విప్పాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అక్కావ్రే, ఇదేంది?"

డిస్కు మీద ఒక మూల చిన్న గుండ్రటి గుంట ఉంటుంది. ఆ గుంటలో గంధం. గంధం మీద కుంకుమ. దాని మీద ఇంకో గంధం, ఇంకో కుంకుమ. ఎండి, గట్టిపడి, రూపాయి బిళ్లంత మందం. రెండో మూట విప్పాడు. అందులోనూ అదే. మూడో దానిలోనూ అదే.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"నేనే," అన్నాడు మా ఆయన, కాస్త గర్వంగానే. "ఆయుధ పూజకు. ఒక్క ఏడు తప్పలే."

"సరిగ్గ ఇక్కడనే ఎందుకు పెట్టిండ్రు సార్?"

"గుండ్రంగ గుంట ఉన్నది గద. బొట్టు పెట్టనీకే ఇచ్చిండ్రనుకున్న."

దుకాణదారు గోటితో పొర లేపాడు. కింద సూదిమొనంత రంధ్రం, దాని పక్కన ఇంగ్లీషులో ఒక వరుస. ఈ రంధ్రం మూయవద్దని.

"ఇది దాని ముక్కు అక్కావ్రే. లోపలి గాలి, బయటి గాలి సమానం చేసుకునేది దీన్లకెళ్లే."

"ఇన్నేండ్ల సంది నా డిస్కుల ముక్కు మూసి పూజ చేస్తున్నవా?" అని అరిచాను. ఒక నిజం రాయాలి. ఏటా దసరా అయ్యాక ఆ డిస్కులను మళ్లీ రవిక గుడ్డల్లో చుట్టేది నేనే. డిగ్రీ చదివిన దాన్ని. ఆ ఇంగ్లీషు వాక్యం చదవడం వచ్చు, ఏనాడూ చదవలేదు. ఈ సంగతి ఆ ఇద్దరిలో ఎవరికీ తట్టకుండా ఉండాలనే గొంతు అంత పెంచాను.

ఆయన కూడా పెంచాడు. "గంత లొల్లి ఎందుకు? ఎంత పెట్టిన? చిన్న గిన్నెడు గంధం. ఇరవై ఒక్క డిస్కులకు గిన్నెడు గంధమైతే ఒక్కోదానికి ఎంత వస్తది? లెక్క నువ్వే చెయ్యి!"

లెక్క చేయలేదు. డిస్కులను చూశాను. దుకాణదారు కూడా చూశాడు. చాప మీద ఉన్నవీ, ఇంకా మూటల్లో ఉన్నవీ వేలితో లెక్కపెట్టాడు.

"పధ్నాలుగున్నయి అక్కావ్రే," అన్నాడు. పాపం, నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు.

"ఇరవై ఒకటన్నవు."

"అంటే... కెమెరాలు, లైట్లు అన్ని కలిపి."

"కెమెరా డిస్కా?"

ఆయుధ పూజ పొద్దున్నే ఆయన ఒక్కడే చేస్తాడు. నేను అప్పుడు వంటింట్లో పోలెలు కాలుస్తుంటాను. ఆ ఒక్క రోజు పనిచేసే వస్తువు దేన్నీ బొట్టు లేకుండా వదలకూడదు. కత్తెరకు, స్క్రూడ్రైవర్‌కు, కెమెరా స్టాండు మూడు కాళ్లకు కూడా పెడతాడు. మా ఆయన నాతో అబద్ధం ఆడగలడు. కానీ ఒక డిస్కును పూజ లేకుండా దాచిపెట్టే ధైర్యం ఆయనకు లేదు. గిన్నెడు గంధం లెక్క ఆయన నోట్లో అంత తేలిగ్గా పలికిందంటే ఏటా అదే లెక్కతో అరగదీస్తున్నాడన్నమాట.

నేను ఆయన్ని చూశాను. ఆయన గది మూలన ఉన్న పాత లైట్ల పెట్టెను చూశాడు. వీడియో లైట్లు మారిపోయాక ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు. ఎవరూ అంటే నేను.

పెట్టెలో ఏడు డిస్కులున్నాయి. నేను రవిక గుడ్డలు చుడితే ఆయన తన దస్తీలు, అంటే జేబురుమాళ్లు, చుట్టాడు. ఆ దస్తీలన్నీ డాబా మీద ఆరేస్తే కోతులెత్తుకుపోయాయని నేను ఇన్నాళ్లూ కోతులను తిట్టాను.

"ఒక్కొక్కటి పాడైంది, పారేసిన అన్నవు గదయ్యా ఇవన్ని! ఏమున్నయి ఇండ్ల?"

"రా."

మా పనిలో రా అంటే కెమెరా తీసింది తీసినట్టు, కొయ్యకముందు ఉన్న సరుకు. తల నరికిన ఫ్రేములు, ఎవరి వీపో అడ్డం వచ్చిన నిమిషాలు, ఆగకుండా నడిచిపోయిన కెమెరా. నేను కోసి వీడియో చేశాక ఆ రా చెరిపేయమని ప్రతిసారీ చెబుతాను. చెరిపేశానని ప్రతిసారీ చెప్పాడు. ఇప్పుడు తెలిసింది, ఖాళీ డిస్కు ఒక్కటి లేదని నా పెండ్లిళ్ల మీద కత్తి పెట్టడానికి కారణం ఏమిటో. ఖాళీ చేయాల్సిన ఏడింటినీ దస్తీల్లో చుట్టి పడుకోబెట్టి, నా పధ్నాలుగింటికి దీపావళి గడువు పెట్టాడు.

"అక్కావ్రే, నేను రేపొస్త," అని దుకాణదారు లేవబోయాడు.

"కూసోన్నా. నువ్వు సాక్షివి. టీ తాగు."

కూర్చున్నాడు.

"నీ షరతు నువ్వే చెప్పు," అన్నాను మా ఆయనతో. "డబ్బల జాగ దొరకనియ్యి ఏం చేస్తమన్నవు?"

ఆయన ఒక దస్తీ ముడి సరిచేశాడు.

"డబ్బల పధ్నాలుగు అరలు. నావి పధ్నాలుగు. నీ ఏడింటికి జాగ లేదు. ఎరేజ్."

వాదిస్తాడనుకున్నాను. రెండో మాటకు మూడో మాట సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆయన పెట్టె మూత మెల్లగా మూసి, దాని మీద చెయ్యి పెట్టి, "సరే. గని ఒక్కసారి చూసి చెయ్యి," అన్నాడు. ఇరవై రెండేళ్ల సంసారంలో ఆయన వాదన లేకుండా సరే అనడం అదే మొదలు. గెలిచినట్టు అనిపించలేదు. ఇది నన్ను మోసం చేయడానికి కొత్త పద్ధతేమోనని అనుమానం వచ్చింది.

దుకాణదారు మెత్తటి బ్రష్‌తో ఒక్కో ముక్కు శుభ్రం చేశాడు. పుల్లతో గుచ్చబోతే నన్ను కసిరాడు. పధ్నాలుగూ బిగించాడు. స్విచ్ వేస్తే దూరంగా పిండి గిర్ని నడుస్తున్నట్టు ఒక చప్పుడు. పదమూడు వెంటనే లేచాయి. ఔరాద్ డిస్కు ఒక్కటి మూడోసారికి గాని లేవలేదు. ఆ మధ్యలో నేను ఎన్ని దేవుళ్లను తలుచుకున్నానో చెప్పను, ఆయన వింటే మళ్లీ గంధం గిన్నె తెస్తాడు.

మరునాడు మధ్యాహ్నం ఆయన ఏదో పని మీద బజారుకు వెళ్లాడు. నేను మొదటి దస్తీ విప్పి, ఆ డిస్కును బయటి నుంచే తీగతో తగిలించాను. చెరిపేయడానికే కూర్చున్నాను. చూసి చెరపమన్నాడు కాబట్టి ఒక్కటి తెరిచాను. బసవకళ్యాణ్ పెండ్లి, ఆయన కెమెరా తీసింది. ఆ పెండ్లి నాకు కంఠతా వచ్చు, మూడు గంటలూ నేను కోసిందే. అందులో సన్నాయి వినిపిస్తుంది. ఇందులో నేను వినిపించాను.

"ఓ మామా, జర పక్కకు జరుగు. పెండ్లి నీది గాదు."

పెండ్లికొడుకు మేనమామ వీపు మెల్లగా పక్కకు జరిగింది. తర్వాత ఇంకో చోట పంతులుతో.

"పంతులుగారూ, ఆగుండ్రి. ముడి కెమెరాల పడలే. ఇంకొక్కసారి కట్టమనుండ్రి."

"రెండుసార్లు కడితే రెండు పెండ్లిళ్లయితయమ్మా!"

"అయితే రెండు దక్షిణలు తీసుకోండ్రి. మాకు ఒక్కటే పైసలిస్తరు."

మండపం మొత్తం నవ్వుతోంది. పెండ్లికూతురు ముసుగులో నవ్వుతోంది. ఇవన్నీ నేను కోసేశాను. నా గొంతు ఎక్కడ పడితే అక్కడ కత్తెర వేసి, పైన సన్నాయి పరిచాను. పెండ్లి వీడియోలో వీడియో తీసేదాని గొంతు ఎందుకు? ఇంకో కారణం కూడా ఉంది. నేను ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ బొమ్మ ఊగుతుంది. మామ పక్కకు జరిగేటప్పుడు ఊగింది. పంతులు దగ్గరైతే మండపం కప్పు, మళ్లీ నేల, మళ్లీ కప్పు. ఈ ముక్కలన్నిటి పక్కన "చెయ్యి వణికింది" అని రాసుకుని కోసేదాన్ని. ఆయన చెయ్యి వణుకుడు చూసి భయపడి ఒకసారి డాక్టరు దగ్గరికి కూడా తోలాను. షుగరు లేదని చెప్పి పంపాడు.

కోసేటప్పుడు ఎప్పుడూ శబ్దం ఆపి చూస్తాను. ఇప్పుడు శబ్దంతో చూశాను. మైకుకు చాలా దగ్గరగా, ముక్కు మూసుకుని ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. ఆగడం లేదు. కెమెరా ఊగుతోంది.

ఇంకోటి తెరిచాను, ఇంకో ఊరు. వంటాయనతో గొడవ, కెమెరా ఊగుతోంది. ఇంకోటి. జనరేటర్ వాడితో గొడవ. ఊగుతోంది.

ఆయన బజారు నుంచి వచ్చేసరికి నేను ఆరో పెండ్లిలో ఉన్నాను. చెప్పులు విడుస్తూ తెర వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఖాళీ చేసినవా?"

"నాతోని చెప్పకుంట గిది ఎందుకు దాచినవు?"

"చెప్తే కోస్తుంటివి."

"కొయ్యకుంట ఎట్ల? చూస్తే మంది ఏమనుకుంటరు?"

"నువ్వు కోసినంక పెండ్లిళ్లన్ని ఒక్కతీర్గనే ఉంటయి," అన్నాడు సంచి గోడకు ఆనించి. "గిండ్ల చూస్తే ఏ పెండ్లిల ఎవరితోని కొట్లాడినవో ఎర్కయితది. నువ్వు మీ అక్క ఇంటికి పోయినప్పుడు చూసుకుంట."

నేను సంచి అందుకుని తెరిచి చూసి, కూరగాయలు సరిగ్గా తేలేదని తిట్టాను.

దీపావళికి ముందు కొత్త డిస్కులు రెండు కొన్నాం, రాబోయే పెండ్లిళ్లకు. ఏడు దస్తీల మూటలు బీరువాలోకి, నా డిస్కులు ఖాళీ చేసిన చోటికి వచ్చాయి. మొత్తం చూసేదాకా దేన్నీ చెరపనని చెప్పాను. ఆ మొత్తం ఎప్పటికి అవుతుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రోజూ మధ్యాహ్నం కొంచెం చొప్పున చూస్తున్నాను. ఇప్పుడు మూడో డిస్కులో ఉన్నాను. ఇప్పటిదాకా లెక్కకు నలభై దాకా గొడవలు తేలాయి. శబ్దంతో సహా, అటూ ఇటూ మాటలు పూర్తిగా విని, వెనక్కి తిప్పి మళ్లీ విని చూశాను. దాదాపు అన్నిట్లోనూ న్యాయం నా వైపే ఉంది. రెండు చోట్ల మాత్రం తప్పు నాదేనని తేలింది. ఆ రెండూ ఏ డిస్కులో ఉన్నాయో ఆయనకు చెప్పలేదు.